లక్షలో ఒక్కటి



మా మేనమామ చెరుకు రసంలో సున్నం కలిపేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఎల్లారెడ్డి దిక్కు వాళ్ల ఊరు. సంక్రాంతి సెలవులు రాగానే నేను కామారెడ్డిలో బస్సెక్కి అక్కడ దిగేవాణ్ణి. అప్పటికి చెరుకు నరకడం జోరుగా సాగుతుండేది. గానుగ ఆడిన రసాన్ని గుడ్డతో వడగట్టి పెద్ద కడాయిలో పోసేవాళ్లు. కింద ఎండిన పిప్పితో మంట. రసం వేడెక్కుతుంటే మామ ఒక చెంబులో సున్నపు నీళ్లు పట్టుకొని కడాయి పక్కన నిలబడేవాడు. కొంచెం పోసి, కలియతిప్పి, పైకి తేలే మడ్డి ఎట్లా విడిపోతుందో చూసేవాడు. మళ్లీ కొంచెం పోసేవాడు. అంత పెద్ద కడాయికి ఆ చెంబులోది సగం కూడా ఖర్చయ్యేది కాదు.

"ఎంత పోయాలె మామా?" అని అడిగితే, "చూస్తే తెలుస్తది అల్లుడా. తక్కువైతే బెల్లం గడ్డ కట్టదు. జర ఎక్కువైతే నల్లగైతది" అనేవాడు.

ఆ 'జర' అంటే ఎంతో నాకు చాలా ఏళ్ల తర్వాత, ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరాక తెలిసింది. గతిక శాస్త్రం పాఠం మొదట్లోనే ఒక వాక్యం వస్తుంది: క్రియాజనకాల గాఢత పెరిగితే చర్య వేగం పెరుగుతుంది. పిల్లలు దాన్ని కంఠతా పడతారు, పరీక్షలో రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. ఆ వాక్యం చెప్పిన ప్రతిసారీ నాకు మామ చేతిలోని చెంబు గుర్తొచ్చేది. కడాయిలో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది నీళ్లు. ఆ తర్వాత చక్కెర. ఆయన ఈ రెండింటి జోలికీ పోలేదు. అన్నిటికంటే తక్కువ ఉన్న ఒకదాన్ని పట్టుకొని సరిచేశాడు. బెల్లం అంతా దాని మీదే నిలబడింది. ఈరోజు మీతో దాని గురించే మాట్లాడతాను.

మన ప్రాంతానికీ చెరుకుకూ ఉన్న చుట్టరికం కొత్తది కాదు. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ ఇప్పుడు మన కామారెడ్డి జిల్లాలోనే ఉంది. ఆ కాలువల నీళ్లు పారిన చోటల్లా చెరుకు లేచింది. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ రావడానికి ఆ చెరుకే ఆధారం. ఇటు కామారెడ్డి వైపు చెరువుల కింద, బావుల కింద చెరుకు వేసి బెల్లం వండుకున్నారు. ఒకప్పుడు కామారెడ్డి అనగానే పెద్దవాళ్లకు బెల్లమే గుర్తొచ్చేది. హైదరాబాదు వెళ్లే పెద్ద రోడ్డుకు దగ్గరలో, అడ్లూర్ ఎల్లారెడ్డి దగ్గర, చక్కెర మిల్లు ఉంది. ఎల్లారెడ్డి పట్టణం వేరు, ఈ అడ్లూర్ ఎల్లారెడ్డి వేరు. బయటివాళ్లు తరచూ పొరబడతారు కాబట్టి చెప్తున్నాను. నీళ్లు తగ్గి, కూలీలు దొరక్క, సారా కాచేవాళ్లకు చేరుతున్నదని బెల్లం మీద ఆంక్షలు వచ్చి, ఊళ్లలో గానుగలు చాలావరకు ఆగిపోయాయి. నాకది బాధ. గానుగతో పాటు ఎన్నో తరాలు చేతులతో నేర్చుకున్న రసాయన శాస్త్రం కూడా పోతున్నది.

సరే, చెరుకు రసంలో జరిగేదేమిటో చూద్దాం.

రసంలో ఉన్న చక్కెరకు రసాయన శాస్త్రంలో సుక్రోజ్ అని పేరు. ఒక్కో సుక్రోజ్ అణువు రెండు చిన్న చక్కెరల జోడు. ఒకటి గ్లూకోజ్, రెండోది ఫ్రక్టోజ్. మధ్యలో ఒక నీటి అణువు చేరితే ఆ జోడు విడిపోతుంది. విడిపోయినవి కూడా తియ్యగానే ఉంటాయి. ఫ్రక్టోజ్ అయితే ఇంకా తియ్యన. కానీ అవి గడ్డ కట్టవు. తేనెలో ఉన్నవి ముఖ్యంగా ఈ రెండే కదా. జోడు ఎక్కువగా విడిపోయిన బెల్లం ముద్దగా, జిగటగా మిగులుతుంది. గాలిలోని చెమ్మను లాక్కుంటుంది. వానాకాలం వచ్చేసరికి అటక మీది కుండలోనే కారిపోతుంది. అంగట్లో దానికి ధర రాదు. కాబట్టి బెల్లం వండేవాడి పని మొత్తం ఒక్క మాటలో చెప్పాలంటే, ఆ జోడు విడిపోకుండా నీళ్లన్నీ ఇంకించడం.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. 1850లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో లుడ్విగ్ విల్హెల్మీ అనే ఆయన సరిగ్గా ఈ చర్యనే పట్టుకొని కూర్చున్నాడు. ఆయన మొదట మందుల తయారీ చదివినవాడు. చక్కెర నీళ్లలో ఆమ్లం కలిపితే జోడు విడిపోతుందని అప్పటికే తెలుసు. ఆయనకు కావలసింది అది కాదు. ఎంత వేగంగా విడిపోతుంది? ఆ వేగానికి లెక్క ఉందా? రసాయన చర్యల గురించి ఈ ప్రశ్నను కొలతలతో అడిగి, గణిత సమీకరణంతో జవాబు రాసిన మొదటి మనిషిగా శాస్త్ర చరిత్ర ఆయన్ని గుర్తుపెట్టుకుంది.

కొలవడానికి ఆయన వాడిన ఉపాయం నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటేస్తుంది. మామూలు వెలుగు అన్ని దిక్కులా కంపిస్తుంది. కొన్ని స్ఫటికాల గుండా పంపితే ఒకే తలంలో కంపించే వెలుగు మిగులుతుంది. ఆ వెలుగును సుక్రోజ్ ద్రావణం గుండా పంపితే దాని తలం కుడివైపు తిరుగుతుంది. సుక్రోజ్ విడిపోతున్న కొద్దీ ఈ తిరుగుడు తగ్గుతుంది. ఎందుకంటే గ్లూకోజ్ కుడికి తిప్పుతుంది గానీ ఫ్రక్టోజ్ దానికంటే గట్టిగా ఎడమకు తిప్పుతుంది. తగ్గి తగ్గి సున్నా దాటుతుంది. చివరకు వెలుగు ఎడమకు తిరుగుతుంది. కుడి నుంచి ఎడమకు ఇలా తలకిందులు అవుతుంది కాబట్టే దీన్ని విలోమనం అంటారు. చర్యను ఆపనక్కర్లేదు, నమూనా తీయనక్కర్లేదు. గొట్టంలోకి చూస్తూ, గడియారం చూస్తూ, కోణం రాసుకుంటే చాలు. మామ మడ్డి విడిపోయే తీరు చూసినట్టే ఆయన వెలుగు తిరిగే తీరు చూశాడు.

ఆయనకు తేలిందేమిటంటే, ఏ నిమిషానికి ఎంత చక్కెర మిగిలి ఉందో, ఆ నిమిషంలో విడిపోయే వేగం దానికి తగినట్టు ఉంటుంది. ఎక్కువ ఉంటే ఎక్కువ వేగం, సగం మిగిలితే సగం వేగం. ఈ మాట చాలా మామూలుగా వినిపిస్తుంది. దీని వెనకాల ఒక విడ్డూరం ఉంది. ఒక గంటలో వందలో యాభై విడిపోయాయి అనుకోండి. రెండో గంటలో మిగతా యాభై పోవు. అందులో సగం, ఇరవై అయిదే పోతాయి. మూడో గంటలో పన్నెండున్నర. అదే మీరు వంద బదులు రెండు వందలతో మొదలుపెడితే? సగం అవడానికి రెండు గంటలు పడుతుందని నా క్లాసులో నూటికి తొంభై మంది చెప్పేవాళ్లు. కాదు. అప్పుడూ గంటే. చక్కెర రెట్టింపు ఉంటే వేగమూ రెట్టింపు అయింది కాబట్టి, సగం కావడానికి పట్టే కాలం మారలేదు. ఈ కాలాన్నే అర్ధాయువు అంటారు. ఇది అర్థమయ్యాక ఒక అమ్మాయి లేచి, "అంటే సార్, పలచటి రసమైనా చిక్కటి రసమైనా నూటికి ఇంత అని పోయేది ఒకటేనా?" అని అడిగింది. అవును, ఆమ్లమూ వేడీ ఒకటే అయితే అంతే. ఎక్కడో బెల్లం వండే ఇంటి పిల్ల అయి ఉంటుందని నాకు అనిపించింది. అడగలేదు.

విల్హెల్మీ సమీకరణంలో చక్కెరతో పాటు ఆమ్లం కూడా ఉంది. ఆమ్లం పెంచితే వేగం పెరిగింది. ఇంత మంచి పనిని ఆ కాలంలో ఎవరూ పట్టించుకోలేదు. కొన్ని దశాబ్దాల తర్వాత రసాయన శాస్త్రవేత్త విల్హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ దాన్ని వెతికి బయటికి తీశాడు. ఈలోగా నార్వేలో 1864లో గుల్డ్‌బర్గ్, వాగే అనే ఇద్దరు వేరే దారిలో ఇలాంటి సూత్రానికే చేరుకున్నారు. ఒకరు గణితం మనిషి, ఒకరు రసాయన శాస్త్రం మనిషి. అక్కాచెల్లెళ్లను పెళ్లి చేసుకున్న తోడల్లుళ్లు. చర్యలో పాల్గొనే పదార్థాల గాఢతలను ఒకదానితో ఒకటి గుణించాలని వాళ్లు చెప్పారు.

గుణించడం దేనికి? కూడితే సరిపోదా? దీనికి నేను అంగడి ఉదాహరణ చెప్పేవాణ్ణి. వారం వారం జరిగే అంగడికి కామారెడ్డి నుంచి పదిమంది, ఎల్లారెడ్డి నుంచి పదిమంది వచ్చారనుకోండి. కామారెడ్డి మనిషీ ఎల్లారెడ్డి మనిషీ ఎదురుపడి పలకరించుకునే జోడీలు ఎన్ని? పది పదులు వంద. కామారెడ్డి నుంచి ఇరవై మంది వస్తే రెండు వందలు. రెండు వైపుల నుంచీ ఇరవై ఇరవై వస్తే నాలుగు వందలు. మనుషులు రెట్టింపయ్యారు, పలకరింపులు నాలుగింతలయ్యాయి. అణువులూ అంతే. అవి ఒకదాన్నొకటి ఢీకొంటేనే చర్య జరుగుతుంది. ఢీకొన్న ప్రతిసారీ జరుగుతుందని కాదు. తగినంత ఊపుతో, సరైన దిక్కున తగలాలి. అయినా తగిలే సందర్భాలే పెరిగినప్పుడు, పని జరిగే సందర్భాలూ ఆ లెక్కనే పెరుగుతాయి. గాఢత అంటే మరేమీ కాదు, ఒక లీటరు చోటులో ఎంతమంది కిక్కిరిసి ఉన్నారన్న లెక్క.

కానీ ఇక్కడే పిల్లలు ఒక ప్రశ్న అడగాలి. అడగకపోతే నేనే అడిగేవాణ్ణి. చక్కెర విడిపోవడానికి నీటి అణువు కావాలన్నాం కదా, మరి విల్హెల్మీ లెక్కలో నీళ్లు ఎక్కడ? లేవు. ఎందుకు లేవో చూడండి. అణువుల సంఖ్యను రసాయన శాస్త్రంలో మోల్ అనే కొలతలో చెప్తారు. ఒక లీటరు నీళ్లలో దాదాపు 55 మోల్‌ల నీరు ఉంటుంది. లీటరులో వంద గ్రాముల చక్కెర కరిగిస్తే అది మోల్‌లో మూడో వంతు కూడా కాదు. చక్కెర అంతా విడిపోయినా, అందుకు ఖర్చయ్యే నీరు నూటికి ఒకటి కూడా ఉండదు. అంగడి మొత్తం ఒక ఊరి వాళ్లే నిండిపోయి, రెండో ఊరి నుంచి పట్టుమని పదిమందే వస్తే, ఆ మొదటి ఊరి జనంలో నలుగురు పోయినా ఎవరికి తెలుస్తుంది? ఎక్కువ ఉన్నది మారినా మారనట్టే కనబడుతుంది. వేగం తక్కువ ఉన్నదాని చేతిలోకి పోతుంది.

ఇప్పుడు ఆమ్లం సంగతి. దీనికోసమే ఇంత దూరం వచ్చాం.

అప్పుడే పిండిన చెరుకు రసం కొద్దిగా ఆమ్ల గుణం కలది. నాలుకకు తెలియదు, తీపి దాన్ని కప్పేస్తుంది. ఆమ్ల గుణాన్ని కొలవడానికి ఇప్పుడు మనం వాడే పీహెచ్ కొలమానాన్ని 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ కోపెన్‌హాగన్‌లో ప్రతిపాదించాడు. ఆయన పని చేసినది బీరు కంపెనీవాళ్లు నడిపే కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో. పీహెచ్ 7 అయితే తటస్థం. అంతకంటే తగ్గితే ఆమ్లం. తాజా చెరుకు రసం పీహెచ్ 5కూ 5.5కూ మధ్య ఉంటుంది. ఈ కొలమానంలో ఒక్క మెట్టు దిగితే ఆమ్లపు హైడ్రోజన్ అయాన్లు పదింతలు అవుతాయి, ఒక్క మెట్టు ఎక్కితే పదో వంతుకు పడిపోతాయి. లెక్క వేసి చూడండి. పీహెచ్ 5.3 దగ్గర, లీటరు రసంలో హైడ్రోజన్ అయాన్లు ఒక మోల్‌ను పది లక్షల వంతులు చేస్తే అందులో అయిదు వంతులు. అదే లీటరులో చక్కెర దాదాపు అర మోల్. అంటే సుమారు లక్ష చక్కెర అణువులకు ఒక్క హైడ్రోజన్ అయాన్.

లక్షకు ఒక్కటి. ఆ ఒక్కటే పని చేసేది. అది ఒక చక్కెర అణువును పట్టుకుంటుంది, నీటితో కలిసి జోడు విప్పుతుంది, తాను చెక్కు చెదరకుండా బయటికి వచ్చి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. ఖర్చు కాదు. అందుకే అంత తక్కువ ఉన్నా అంత పని చేయగలదు. ఇలాంటివాటినే ఉత్ప్రేరకాలు అంటాం.

మామ చెంబులోని సున్నపు నీళ్లు చేసేది ఇదే. సున్నం క్షారం. అది హైడ్రోజన్ అయాన్లను నీరుగా మార్చేస్తుంది. పీహెచ్ 5.3 నుంచి 6.3కు వచ్చిందంటే, లక్షకు ఒక్కటి ఉన్నది ఇప్పుడు పది లక్షలకు ఒక్కటి అయింది. ఆమ్లం వల్ల చక్కెర విడిపోయే వేగం పదో వంతుకు పడిపోయింది. అంత పెద్ద కడాయిలో చక్కెర ఒక్క గ్రాము తగ్గలేదు, నీళ్లు తగ్గలేదు, మంట తగ్గలేదు. అయినా చర్య నిదానించింది. ఆ 'జర' అంటే ఇదన్నమాట. మరి ఎక్కువైతే నల్లబడటం ఎందుకు? రసం క్షారం వైపు పోతే, అప్పటికే విడిపోయి ఉన్న గ్లూకోజ్, ఫ్రక్టోజ్ వేడికి విచ్ఛిన్నమై ముదురు రంగు పదార్థాలుగా మారతాయి. ఒక గండం తప్పించబోయి ఇంకో గండంలో పడతాం. ఆ రెంటి మధ్య ఉన్న సన్నటి దారిని ఆయన పీహెచ్ కాగితం లేకుండా, మడ్డి రంగు చూసి, నురుగు చూసి పట్టుకునేవాడు.

ఈ మధ్య పచ్చగా మెరిసే బెల్లం కోసం హైడ్రోస్ వంటి మందులు కలపడం చూస్తున్నాం. రంగు చూసి కొనే అలవాటు మనకు ఉన్నంతకాలం అమ్మేవాడు రంగే అమ్ముతాడు. కొంచెం ముదురు రంగు బెల్లాన్ని చూసి మొహం తిప్పుకోకండని ఈ సందర్భంగా చేతులు జోడించి అడుగుతున్నాను.

కడాయి దగ్గర అసలు కష్టం చివరి అరగంటలో ఉంటుంది. మొదట్లో రసంలో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీళ్లు. అవి ఆవిరైపోతుంటే చక్కెర దగ్గరపడుతుంది. దాంతో పాటే, ఆవిరి కాని ఆమ్లాలూ దగ్గరపడతాయి. వేడి కూడా పెరుగుతుంది. నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయి గానీ చిక్కటి పాకం మరగాలంటే ఇంకా వేడి కావాలి. బెల్లం దించే సమయానికి అది 118 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. గాఢత, ఆమ్లం, వేడి మూడూ ఒకేసారి ఒకే దిక్కుకు లాగుతాయి. వేడి ప్రభావం చిన్నది కాదు. రసం మామూలు ఎండ వేడి నుంచి మరిగే దశకు వచ్చేసరికి ఈ చర్య వేగం వేల రెట్లు అవుతుంది. 1889లో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ వేడికీ చర్య వేగానికీ సంబంధం రాసినప్పుడు ఆయన ముందు పెట్టుకున్న ఉదాహరణ కూడా ఈ చెరుకు చక్కెర విలోమనమే. చిక్కటి పాకంలో లెక్క విల్హెల్మీ గొట్టంలో నడిచినంత సూటిగా నడవదన్నది నిజం. అక్కడ నీళ్లే కరువవుతాయి, అణువులు కదలడమే కష్టమవుతుంది. అయినా పాకం ముదిరాక క్షణం కూడా ఆలస్యం చేయకూడదని మామకు తెలుసు. పాకం చుక్కను చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, దాన్ని పళ్లెం మీద కొడితే ఠంగుమనాలి. ఆ చప్పుడు రాగానే, "దించుండ్రి, దించుండ్రి!" అని కేక వేసేవాడు. నలుగురూ కలిసి కడాయి వంచేవాళ్లు. అంతవరకు నెమ్మదిగా ఉన్న మనిషి ఆ ఒక్క నిమిషం ఉరికేవాడు.

చక్కెర మిల్లు ఈ చిక్కును ఇంకోలా విప్పుకుంది. మూతవేసిన పెద్ద పాత్రలో గాలిని లాగేస్తే పాకం డెబ్బై డిగ్రీల లోపే మరుగుతుంది. నీళ్లు పోతాయి, చక్కెర దగ్గరపడుతుంది, వేడి మాత్రం పెరగదు. ఎడ్వర్డ్ హోవర్డ్ అనే ఇంగ్లండ్ మనిషి రెండు వందల ఏళ్ల కిందట కనిపెట్టిన పద్ధతి ఇది. సున్నం మాత్రం మిల్లులోనూ వేయాల్సిందే.

ఇక నరికిన చెరుకు సంగతి. నరికిన రోజే గానుగ ఆడాలని, కనీసం తెల్లారేలోగా ఆడాలని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. మిల్లు ముందు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరితే రైతుకు నిద్ర పట్టకపోవడం బరువు తగ్గుతుందన్న ఒక్క భయంతోనే కాదు. చెరుకులో ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. చెరుకు నరికాక అది చక్కెర జోడీలను విడగొట్టే పనిలో పడుతుంది. దానికి మంట అక్కర్లేదు, ఎండ చాలు. నరికిన కొనల గుండా లోపలికి పోయే సూక్ష్మజీవులూ దీనికి తోడవుతాయి.

ఎంజైమ్ విషయంలో గాఢత ఒక కొత్త ముఖం చూపిస్తుంది. 1913లో బెర్లిన్‌లో లియోనార్ మికేలిస్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పని చేయడానికి కెనడా నుంచి సముద్రం దాటి వచ్చిన మాడ్ మెంటెన్ అనే వైద్యురాలు ఇదే ఇన్వర్టేజ్‌ను, ఇదే సుక్రోజ్‌ను తీసుకొని ప్రయోగాలు చేశారు. ఆడపిల్లలకు ప్రయోగశాల తలుపులు అంత తేలిగ్గా తెరుచుకోని రోజులవి. ఆమె పేరు ఈ రోజు ప్రపంచంలోని ప్రతి జీవరసాయన శాస్త్ర పుస్తకంలో ఉంది. చక్కెర తక్కువగా ఉన్నప్పుడు, దాన్ని పెంచితే వేగం పెరిగింది. ఇంకా పెంచితే పెరగడం మందగించింది. ఇంకా పెంచితే, ఇక పెరగలేదు. గాఢత పెరిగితే వేగం పెరుగుతుందన్న మన కంఠస్థ వాక్యం ఇక్కడికొచ్చి ఆగిపోయింది.

దీన్ని మార్కెట్ యార్డులో చూడండి. రెండే కాంటాలు ఉన్నాయి. పొద్దున ఒకటీ రెండూ బండ్లు వస్తుంటే, బండ్లు పెరిగిన కొద్దీ గంటకు తూకమయ్యే సరుకు పెరుగుతుంది. మధ్యాహ్నానికి యాభై బండ్లు నిలిచాయి. ఇంకో యాభై వచ్చినా గంటకు తూకమయ్యేది అంతే. కాంటాలు ఖాళీ లేవు. ఎంజైమ్ అణువులు ఆ కాంటాల లాంటివి. ప్రతిదానికీ ఒక్కో చక్కెర అణువు పట్టే చోటు ఉంటుంది. ఆ చోట్లన్నీ నిండిపోయాక, బయట ఎంత చక్కెర నిలబడి ఉన్నా వేగం మారదు. వేగం పెరగాలంటే కాంటాలు పెంచాలి. మళ్లీ అదే మాటకు వచ్చాం. రాశులుగా ఉన్న చక్కెర కాదు, చిటికెడు ఉన్న ఎంజైమ్ వేగాన్ని నిర్ణయిస్తుంది.

అందుకే నేను పిల్లలకు సమీకరణం చూసి వేగం చెప్పొద్దని పోరు పెట్టేవాణ్ణి. కాగితం మీద చక్కెర, నీళ్లు కనిపిస్తాయి. వేగంలో నీళ్లు కనిపించవు. కాగితం మీద అటూ ఇటూ ఎక్కడా లేని ఆమ్లం వేగంలో పెత్తనం చేస్తుంది. ఏది ఎంత ప్రభావం చూపుతుందో ప్రయోగం చేసి తెలుసుకోవాల్సిందే. మా ల్యాబులో సోడియం థయోసల్ఫేట్ ద్రావణంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, గంధకం తెల్లగా విడిపోయి కింద కాగితం మీద గీసిన గుర్తు కనబడకుండా పోయేదాకా సెకన్లు లెక్కపెట్టించేవాళ్లం. థయోసల్ఫేట్ గాఢతను సగం చేస్తే సమయం ఇంచుమించు రెట్టింపు అవుతుంది. గుర్తు మాయమయ్యే క్షణంలో పిల్లల కళ్లు చూడాలి. ఆ తర్వాత వాళ్లకు ఆ సూత్రం మరచిపొమ్మన్నా మరచిపోరు. ల్యాబు తాళం తీయకుండా రికార్డు పుస్తకాలు మాత్రం నింపించే చోట్లు ఉన్నాయని విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. పదిహేను రూపాయల గాజు గొట్టం పగులుతుందన్న భయంతో పిల్లవాడి జీవితంలో రావాల్సిన ఆ క్షణాన్ని రాకుండా చేయకండి.

ల్యాబు లేనివాళ్లకు వంటిల్లు ఉంది. పండగకు గులాబ్ జామూన్‌కో, బూందీ లడ్డూకో పంచదార పాకం పట్టేటప్పుడు అమ్మలు రెండు చుక్కల నిమ్మరసం పిండుతారు. పాకం పేరుకొని పంచదార పలుకులు కట్టకుండా ఉండటానికి. ఇది మామ చేసినదానికి సరిగ్గా ఎదురు పని. ఆయన హైడ్రోజన్ అయాన్లను తగ్గించి జోడు విడిపోకుండా కాపాడాడు. అమ్మ వాటిని పెంచి కొన్ని జోడీలను కావాలనే విడగొట్టింది. విడిపోయిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్ మధ్యలో అడ్డుపడితే మిగిలిన సుక్రోజ్ వరుస కట్టలేదు, పలుకు కట్టలేదు. ఒకే చర్య, ఒకే చక్కెర. గానుగ దగ్గర అది పగవాడు, పొయ్యి దగ్గర చుట్టం.

ఈ ఆదివారం ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టుకోండి. వేడి పాకం కాబట్టి పొయ్యి దగ్గర పెద్దవాళ్లు ఉండాలి. మూడు చిన్న గిన్నెలు తీసుకోండి. మూడింటిలోనూ కప్పు పంచదార, అరకప్పు నీళ్లు, కొలత తేడా రాకుండా పోయండి. మొదటి దాంట్లో ఏమీ వేయకండి. రెండో దాంట్లో రెండు చుక్కల నిమ్మరసం, మూడో దాంట్లో చెంచాడు నిమ్మరసం. మూడింటినీ ఒకే మంట మీద, ఒకే సేపు కాచి, దించి, మూతలు పెట్టి, కదపకుండా ఒక మూలన పెట్టండి. ఏ గిన్నెలో ఎన్ని చుక్కలు వేశారో, ఎన్ని నిమిషాలు కాచారో తేదీ వేసి ఒక కాగితం మీద రాసుకోండి. తెల్లారి పిల్లలనే మూతలు తీయమనండి. ఏ గిన్నెలో పలుకులు కట్టాయో, ఏది ఇంకా తేనెలా జారుతున్నదో వాళ్లే చెంచాతో తిప్పి చూస్తారు.